కొత్తవాడ మగ్గం మీద పసిపిల్లల బట్ట నేయించండి: చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హన్మకొండలో పసిపిల్లల బట్టలు చేత్తో కుట్టి అమ్మే చిన్న వ్యాపారం మాది. చేనేత నూలు బట్టతో గౌన్లు, జుబ్బాలు, లంగా జాకెట్లు, తొట్టెల నాడు బిడ్డకు తొడిగే అంగీలు, కుళ్లాయిలు చేస్తాం. అక్కకు కుట్టిన గౌను చెల్లెలికి, ఆ తర్వాత పిన్ని కూతురికి కూడా పనికిరావాలన్నది మా పట్టుదల. సబ్సిడీ కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. ముఖ్యంగా అడిగేది ఒక్కటే, అది మీ శాఖ చేతిలో ఉన్నదే. మా దగ్గరి మగ్గాల మీద పసిపిల్లల ఒంటికి పనికొచ్చే సన్నని బట్ట నేయించి, మాలాంటి వాళ్లకు మీటర్ల లెక్కన అమ్మించండి.

ఓరుగల్లులో బట్టకు కరువా అని మీరు అనుకోవచ్చు. కరువే సార్. కొత్తవాడలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. అయితే అక్కడ నేసేవి ఎక్కువగా షత్రంజీలు (నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు), దుప్పట్లు. వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక వస్తువని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అది మాకూ గర్వమే. కానీ అది ముతక నూలు పని. కాళ్ల కింద ఏళ్ల తరబడి నలగాల్సిన వస్తువు అలాగే ఉండాలి. మూడు నెలల బిడ్డ మెడకు తగిలే బట్టకు ఎనభై, వంద కౌంటు నూలు కావాలి (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది), నేత వదులుగా ఉండాలి, గంజి తక్కువ ఉండాలి. అది మా ఊళ్లో దొరకడం లేదు. అందుకని బెంగాల్ నుంచి మల్ అనే పలచని నూలు బట్ట తెప్పించుకుంటాం. మొదటి పుట్టినరోజు జుబ్బాలకు అప్పుడప్పుడు పొందూరు ఖద్దరు తెస్తాం, అది ఖరీదు. మగ్గాల ఊళ్లో కూర్చుని కొరియర్ బండి కోసం ఎదురుచూడటం మాకు అలవాటైపోయింది.

చేనేత సహకార సంఘానికి వెళ్లి మీరే నేయించుకోవచ్చు కదా అంటారా? అడిగాం. కౌంటు మారితే మగ్గానికి అచ్చు (పోగులను వరసగా పట్టి ఉంచే దువ్వెన లాంటిది) మార్చాలి, పోగు పోగూ మళ్లీ ఎక్కించాలి. ఒకసారి పడుగు (మగ్గం మీద నిలువు పోగులు) వేస్తే పదుల మీటర్లు ఒకే వెడల్పులో, ఒకే నూలుతో వస్తాయి. ఏడాది బిడ్డ గౌనుకు మాకు కావలసింది మీటరు, మహా అయితే మీటరుంపావు. మా ఒక్కరి కోసం ఎవరు మాత్రం పడుగు మారుస్తారు? కొత్తవాడలో ఒక పెద్దాయన చెప్పిన మాటలో అసలు సంగతంతా ఉంది: "సన్న నూలు నేసుడు రాక కాదు బిడ్డా, నేసినంక ఎవరు తీస్కపోతరు?" ఆయనకు కొనేవాళ్లు కనిపించరు, మాకు నేసేవాళ్లు కనిపించరు. ఈ మధ్యలో నిలబడగలిగింది మీ శాఖ ఒక్కటే.

సన్న బట్ట అని ఎందుకు ఇంత పట్టుబడుతున్నామో చెప్పాలి. మన ఇళ్లలో పురుటి బిడ్డకు కొత్త బట్ట వేయరు. అమ్మమ్మో నాయనమ్మో కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీర చింపి పొత్తిళ్లు చేస్తారు. అందులో నమ్మకం ఎంతో, పసి చర్మం మీద జాలి కూడా అంతే ఉంది. కొత్త బట్టకు ఆ పాత చీర మెత్తదనం తేవడమే మా పనిలో సగం. తెచ్చిన బట్టను రాత్రంతా నీళ్లలో నానబెడతాం, గంజి వదిలేదాకా ఉతుకుతాం, నీడలో ఆరేస్తాం. కత్తెర పెట్టేది ఆ తర్వాతే. చేనేత బట్ట తడిస్తే కుదించుకుంటుంది కాబట్టి ఆ కుదింపు గౌను అయ్యాక కాదు, ముందే జరిగిపోవాలి. తడిసినప్పుడు రంగు దిగితే ఆ బట్ట పక్కకు పోతుంది. దానితో బొంతలు కుడతాం.

కుట్టు గురించి మాట్లాడితే నాకు ఆగదు, కాస్త ఓపిక పట్టండి. బజారు గౌను తిరగేస్తే లోపల అంచు పోగులు ఊడకుండా మిషన్‌తో వేసిన ఓవర్‌లాక్ దారం గరుకుగా తగులుతుంది. మేము రెండుసార్లు మడిచి కుడతాం, బట్ట అంచు మడతలోనే ఉండిపోతుంది, బిడ్డకు గుచ్చుకోదు. పక్క కుట్లలో అంగుళానికి పైగా బట్ట వదులుతాం. గౌను కింద లోపలి వైపు రెండు మడతలు దాచి, విప్పడానికి వీలుగా చేత్తో కుట్టి పెడతాం. పిల్ల ఎదిగితే ఒక మడత విప్పుకోవచ్చు, ఇంకా ఎదిగితే రెండోది. భుజాల మీద కాజాలు రెండు వరసలు. ఛాతీ దగ్గర స్మాకింగ్ చేస్తే, అంటే సన్న కుచ్చులు పోసి వాటి మీద చేత్తో కుడితే, ఆ కుచ్చులు సాగుతాయి కాబట్టి బిడ్డ కాస్త లావైనా పట్టేయదు. పూసలు, చమ్కీలు పెట్టం, ఎందుకంటే పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకుంటారు. గుండీలకు బదులు వీలైన చోటల్లా బట్ట నాడాలే.

మొదటి పుట్టినరోజుకు నెట్ ఫ్రాకు కావాలని, మగ్గం వర్క్ (జరీ, పూసల ఎంబ్రాయిడరీ) చేసివ్వమని అడిగేవాళ్లు చాలామంది. ఫోటోకు బాగుంటుంది, కాదనను. కేకు కోసేలోపు పిల్ల గోక్కోవడం మొదలుపెడుతుంది. అలాంటి ఆర్డర్లు మేము తీసుకోం. మా లెక్కలు చూసే సీఏకు ఇది అర్థం కాదు. మడత విప్పించుకోవడానికి మళ్లీ మీ దగ్గరికే వచ్చే కస్టమరు కొత్త గౌను ఎప్పుడు కొంటుంది మేడమ్ అని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చెల్లెలు పుట్టినప్పుడు కొంటుంది అంటాను.

ఈ పని చేసే ఆడవాళ్లు హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి ఇళ్లలోనే ఉన్నారు. కొందరు ఒకప్పుడు బీడీలు చుట్టినవాళ్లు. ఆ వేళ్లకు వేగమూ కొలతా రెండూ తెలుసు, హెమ్మింగ్ నేర్పితే తొందరగా పట్టుకున్నారు. మంచి బట్ట సమయానికి అందితే వాళ్లకు నెలంతా పని ఉంటుంది. బట్ట రాని వారం వాళ్లకు కూలి లేదు.

ఇక పెద్ద పరిశ్రమ సంగతి. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. నెలల పిల్లల బట్టలు కుట్టి విదేశాలకు పంపే కేరళ కంపెనీ కిటెక్స్ కూడా అక్కడికి వచ్చింది. 1934లో మొదలైన ఆజం జాహీ మిల్లు ఒకప్పుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించిందో, అది మూతపడ్డాక ఏమైందో తెలిసిన ఊరు మాది. ఫ్యాక్టరీ వస్తే సంతోషించేవాళ్లమే తప్ప ఏడ్చేవాళ్లం కాదు. అది మాకు పోటీ కాదు, దానికి మేమూ పోటీ కాదు. కాకపోతే ఎక్కడో విదేశంలో పుట్టే బిడ్డకు మన జిల్లాలో అంగీ కుట్టే ఏర్పాటు జరిగినప్పుడు, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టే బిడ్డకు మన మగ్గం మీద నేసిన గుడ్డ ఎందుకు ఉండకూడదు?

ఇది గాలిలో మాట కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇచ్చేందుకు 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో తల్లికి చీరలతో పాటు పసిబిడ్డకు బట్టలు కూడా పెట్టారు. అంటే నవజాత శిశువుకు బట్ట కొనడం ప్రభుత్వానికి కొత్త కాదు. ఆర్డరు ఇస్తే మగ్గం దారి మార్చుకుంటుందని కూడా ప్రభుత్వానికి తెలుసు. అదే ఏడాది బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక సిరిసిల్ల మరమగ్గాలు ఎలా నడిచాయో అందరూ చూశారు. స్కూలు యూనిఫామ్‌లు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చిందీ ప్రభుత్వమే. నేను కోట్ల మీటర్లు అడగడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టే బిడ్డలకు చుట్టే గుడ్డ, ఒక్క అంగీ, ఈ రెండూ మెత్తని చేనేత బట్టతో ఇస్తామని మొదట ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. ఆ ఆర్డరు ఉంటే సంఘం ధైర్యంగా పడుగు మారుస్తుంది. మారిన మగ్గం మీద మిగతా రోజుల్లో నేసే బట్టను మేము కొంటాం. మేమంటే మా ఒక్క దుకాణమే కాదు, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్‌లలో ఇదే పని చేసుకునే చిన్నవాళ్లందరూ.

బట్ట సంఘం నుంచి వస్తే ఇంకో లాభం ఉంది. పిల్లలు బట్ట అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. హాని చేసే అజో రంగులను మన దేశం 1997లోనే నిషేధించింది, అయినా చేతికొచ్చిన తానులో ఏ రంగు వాడారో చూసి చెప్పలేం. పరీక్ష చేయించాలంటే నమూనా హైదరాబాద్ పంపాలి. నాలుగు గౌన్లకు సరిపడా బట్టకు ఆ ఖర్చు పెడితే మిగిలేది సున్నా. అదే సంఘం రంగు వేసిన విడతకు ఒక్కసారి పరీక్ష చేయించి చీటీ అంటిస్తే మా అందరికీ సరిపోతుంది.

పన్ను విషయం కూడా రెండు మాటల్లో చెప్పనివ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్ బట్టకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. వెయ్యి దాటగానే 12 శాతం పడ్డ రోజులతో పోలిస్తే మా గౌన్లలో చాలావాటికి ఇది మేలే చేసింది. చిక్కంతా ఆ గీత దగ్గరే. 2,500 గౌను పన్నుతో 2,625 అవుతుంది. ఇంకాస్త చేతిపని చేసి 2,600 పెడితే పన్నుతో 3,068. నాకు వచ్చేది వంద ఎక్కువ, తల్లి కట్టేది 443 ఎక్కువ. మహాదేవపూర్ దసలి పట్టుతో లంగా జాకెట్ కుట్టాలని నాకు ఎప్పటి నుంచో ఆశ, కానీ ఆ లెక్క వేసిన ప్రతిసారీ కాగితం మడిచి పెట్టేస్తాను. జీఎస్టీ మీ శాఖ కాదని తెలుసు, కానీ కౌన్సిల్‌లో మన రాష్ట్రానికి కుర్చీ ఉంది.

రెండోది మన రాష్ట్రం అడిగితే కదిలేదే. వస్తువులు అమ్మేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సిన టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు. తెలంగాణలో 20 లక్షలే. ఇంట్లో రెండు మిషన్లు పెట్టుకుని ఎదుగుదామనుకునే ఆడవాళ్లకు ఈ తేడా పెద్దది. చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ స్కీమ్‌లో చేరితే ఒక్క శాతంతో పోతుంది కానీ రాష్ట్రం దాటి అమ్మకూడదు. మా గౌన్లు కొనేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే వరంగల్ అమ్మాయిలు! ఆర్థిక శాఖతో మీరు ఒక్కసారి మాట్లాడండి.

ఇవన్నీ నేరుగా మీకే ఎందుకు రాస్తున్నానంటే, కింద అడిగితే మేము ఎవరికీ చెందడం లేదు. ఒక కార్యాలయంలో మీరు నేతవాళ్లు కాదు అన్నారు. ఇంకో చోట మీది పరిశ్రమ అనడానికి చాలా చిన్నది అన్నారు. ఎగ్జిబిషన్‌లో స్టాల్ అడిగితే చేనేత గుర్తింపు కార్డు చూపించమన్నారు. చివరికి ఒక ఉద్యోగి జాలిపడి, టైలర్ అని రాసుకోండమ్మా, ఏదో ఒకటి వస్తుంది అన్నాడు. టైలర్ అనిపించుకోవడం నాకు నామోషీ కాదు. కానీ చేనేత బట్టను కొని, దానికి విలువ పెంచి అమ్మేవాళ్లను చేనేత శాఖ తన మనుషులుగా లెక్కపెట్టకపోతే, ఆ బట్ట షోరూమ్ అరలో చీరగానో దుప్పటిగానో ఆగిపోతుంది.

మాకు కావలసిన బట్ట వివరాలు ఇవి. నూలు ఎనభై కౌంటు, వెడల్పు 44 అంగుళాలు. సగం తెల్లది, మిగతాది లేత పసుపు, నీలిమందు నీలం. అంచు, జరీ వద్దు. పది మీటర్ల ముక్కలుగా కూడా అమ్మాలి. ఇదంతా కాగితం మీద రాసి, నమూనా గుడ్డతో సహా జిల్లా చేనేత, జౌళి శాఖ కార్యాలయంలో ఇస్తాను. మొదటి పడుగు దిగిన రోజు యాభై మీటర్లు అప్పు పెట్టకుండా డబ్బు కట్టి తీసుకుంటాం. ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం లోపు మీ శాఖ ఒక్క సంఘానికి ఈ ఆర్డరు ఇప్పించగలదా, లేదా అన్నది మాకు చెప్పించండి. లేదు అన్నా పరవాలేదు, కారణం చెబితే మా ఏర్పాట్లు మేము చూసుకుంటాం.

ఇట్లు,
హన్మకొండ నుంచి పసిపిల్లల బట్టలు కుట్టే ఒక చిన్న వ్యాపారి