బొంతకు అంచు కొలత నడుమ నుంచి తీయాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో పాత నూలు చీరలతో అతుకుల బొంత కుట్టుకునే పద్ధతి వేశారు. చదివి చాలా సంతోషించాను. చుట్టాలు వస్తున్నారంటే బొంతలు మడిచి అటక మీద దాచేసిన రోజులు చూసినదాన్ని. అయితే అందులో ఒక్క మాట సరిగా లేదు. అంచు కోసం పొడవాటి పీలిక తీసుకుని, బొంత చుట్టూ కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించేయమన్నారు. అలా కుడితే అంచు చదునుగా పడదు. 31 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదట్లో నేనూ అలాగే కుట్టాను.

మా ఆడపడుచుకు సారెలో పెడదామని మా అత్తగారి మంగళగిరి చీరలు రెండు కత్తిరించాను. నాలుగున్నర అంగుళాల ముక్కలు 180 అయ్యాయి. వరసకు 12 చొప్పున 15 వరసలు అతికాను. ముక్కలన్నీ చక్కగా కలిశాయి. అంచు మాత్రం పీలిక పట్టుకుని చుట్టూ కుట్టేశాను. మంచం మీద పరిచేసరికి నడుమ అంతా బల్లపరుపుగా ఉంది, నాలుగు వైపులా అంచు అలలు అలలుగా లేచింది. ఇస్త్రీ పెట్టాను, నీళ్లు చల్లి మళ్ళీ పెట్టాను. ఒకచోట అణిగితే ఇంకోచోట లేచింది. రాత్రంతా కూర్చుని కుట్లు విప్పాను. అరిగిన చీర కదా, విప్పినచోటల్లా పోగులు వచ్చేశాయి. అత్తగారు ఏమీ అనలేదు. పక్కన కూర్చుని దారం ముక్కలు ఏరారు.

తప్పు ఎక్కడుందో టేపు పెట్టి చూశాక తెలిసింది. బొంత నడుమ పొడవు 60½ అంగుళాలు, ఒక పక్క చివర 61½, ఇంకో పక్క 61¾. ముక్కలు అతికేటప్పుడు, తిప్పేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు మన చేతులు పడేదంతా ఆ చివరల మీదే. అక్కడ కుట్లు కాస్త విచ్చుకుంటాయి, గుడ్డ సాగుతుంది. ముక్కలు ఐమూలగా పడితే ఇంకా సాగుతుంది. అలా సాగిన చివరను పట్టుకుని పీలిక కుడితే పీలికా అంత పొడవూ పడుతుంది. నడుమ కంటే అంగుళం పైన ఎక్కువైన గుడ్డ ఎక్కడికి పోతుంది? పైకి లేస్తుంది.

అందుకే కొలత నడుమ నుంచి తీయాలి. బొంతను నేల మీద పరిచి, గుంజకుండా చేత్తో సర్ది, నిలువుగా మూడు చోట్ల కొలవండి. నాకు 60¼, 60½, 60¾ వస్తే 60½ పట్టుకుంటాను. రెండు పక్కల పీలికలూ కచ్చితంగా అంతే కత్తిరించాలి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి కాకూడదు. చీర పొడుగు వెంట తీసిన పీలిక తక్కువ సాగుతుంది, అడ్డంగా తీసినది ఎక్కువ సాగుతుంది. తర్వాత పీలికనూ బొంత పక్కనూ విడివిడిగా సగానికి, మళ్ళీ సగానికి మడిచి గుర్తులు పెట్టుకోండి. గుర్తు మీద గుర్తు పెట్టి గుండుసూదులు గుచ్చండి. మధ్యలో మిగిలిన వదులును వేళ్లతో సమంగా సర్దండి. చేయి కుదరనివాళ్లు కచ్చా కుట్టు వేసుకుంటే మంచిది.

మిషను మీద పెట్టేటప్పుడు బొంత అడుగున, పీలిక పైన ఉండాలి. అడుగు గుడ్డను మిషను పళ్ళు కొంచెం ఎక్కువ లాక్కుంటాయి కాబట్టి బొంత పక్కనున్న ఎచ్చు అందులోనే కలిసిపోతుంది. ఈ ఒక్క సంగతి నాకు తెలియడానికి ఏళ్లు పట్టింది.

రెండు పక్కలూ కుట్టి ఇస్త్రీ చేశాకే పైకీ కిందికీ కొలవాలి. ఈసారి అడ్డంగా, కొత్తగా వేసిన అంచులు కూడా కలుపుకుని, మళ్ళీ నడుమ నుంచే.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. పాత చీరలకు కొత్త గుడ్డ అంచు వేసేవాళ్లు దాన్ని ముందే తడిపి ఆరబెట్టాలి. ఏళ్ల తరబడి ఉతికిన చీర కుంచించుకునేదంతా ఎప్పుడో అయిపోయింది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో లాగుకుంటుంది. అప్పుడు అంచు బిగిసి, నడుమ గిన్నెలా ఉబ్బుతుంది.

చేత్తో కుట్టే మన పల్లెటూరి బొంతకు ఈ బాధ లేదు, విడిగా అంచే ఉండదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ఆడవాళ్లు కుట్టే కవందీ బొంతలైతే అంచు దగ్గరే మొదలై లోపలికి సాగుతాయి. మీరు రాసినది మిషను మీద ముక్కలు అతికే పద్ధతి కాబట్టి ఇంత చెప్పాల్సి వచ్చింది.

మా వీధిలో ఇద్దరమ్మాయిలు మీ పేజీ కత్తిరించి మిషను పక్కన గోడకు అంటించుకున్నారు. ఒకమ్మాయి వాళ్లమ్మ చీరలతో కుడుతోంది. ఆ తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు. నిన్న వెళ్లి అంచు దగ్గర ఆపించి వచ్చాను. మిగతా ఊళ్లలో ఉన్నవాళ్లకు నేను చెప్పలేను. వచ్చే ఆదివారం ఆ వాక్యం దిద్ది వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి