ఆరోగ్య బీమా సహాయ విభాగం: సభ్యులకు వార్షిక నివేదిక

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న మన సభ్యుల్లో చాలామందికి కార్ల కంపెనీలే బతుకుతెరువు. కొందరు నేరుగా వాటిలోనే చేస్తున్నారు, కొందరు విడిభాగాల కంపెనీల్లో, మిగిలినవారు కన్సల్టింగ్ కంపెనీల తరఫున కాంట్రాక్టు మీద. ఈ ఏడాది మన విభాగం ఎక్కువగా పనిచేసింది ఒకే ప్రశ్న మీద: ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ ఏమవుతుంది?

ఈ దేశంలో వైద్యం ఖర్చు ఉద్యోగానికి ముడిపడటంలో కార్ల పరిశ్రమ పాత్ర పెద్దది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెడితే, కంపెనీలు బీమా ఆశ చూపి పనివాళ్లను తెచ్చుకున్నాయి. కార్మిక నేత వాల్టర్ రూథర్ అందరికీ ప్రభుత్వ బీమా కావాలని గట్టిగా కోరినవాడు. అది రాకపోవడంతో 1950లో జనరల్ మోటార్స్ (జీఎం) కంపెనీతో కుదిరిన అయిదేళ్ల ఒప్పందంలో పెన్షన్‌తో పాటు వైద్య బీమా ఖర్చులో కంపెనీ వాటానూ సాధించాడు. కార్లు బాగా అమ్ముడైనన్నాళ్లూ అది భారమనిపించలేదు. 2004లో జీఎం సుమారు 11 లక్షల మంది వైద్యానికి 520 కోట్ల డాలర్లు పెట్టింది. కారుకు 1,500 డాలర్ల పైమాటే. అందులో పెద్ద వాటా రిటైరైనవాళ్లదీ, వాళ్ల కుటుంబాలదీ. ఉత్పత్తి తగ్గినా ఆ ఖర్చు తగ్గదు కాబట్టి, తక్కువ కార్ల మీద ఎక్కువ బరువు పడింది.

జీఎంకూ, కార్మిక యూనియన్‌కూ మధ్య 2007లో కుదిరిన ఒప్పందంతో రిటైరైన కార్మికుల వైద్యం బాధ్యత వాళ్ల కోసం పెట్టిన ట్రస్టుకు మళ్లింది. 2010 జనవరి 1న ట్రస్టు పని మొదలుపెట్టింది. నగదుకు బదులు కొంత భాగంగా, దివాలా తర్వాత ఏర్పడ్డ కొత్త జీఎంలో 17.5 శాతం వాటా దాని చేతికొచ్చింది. అంటే రిటైరైనవాళ్ల మందుల ఖర్చుకు కంపెనీ షేరు ధర కూడా ఒక ఆధారమైంది. రిటైరైన ఆఫీసు ఉద్యోగులకు ఆ ఆసరా కూడా మిగల్లేదు. 2009 జనవరి నుంచి రిటైరై 65 దాటిన జీఎం ఆఫీసు ఉద్యోగులకు కంపెనీ వైద్య బీమా ఆగిపోయింది.

నది అవతల, కెనడాలోని విండ్సర్‌లోనూ కార్లు తయారవుతాయి. అక్కడ ఆస్పత్రి, డాక్టరు ఖర్చు ఒంటారియో ప్రభుత్వానిది. పెద్ద కంపెనీ అందుకోసం జీతాల మొత్తం మీద 1.95 శాతం పన్ను కడుతుంది. మందులు, పళ్ల వైద్యం మాత్రం అక్కడా చాలావరకు కంపెనీ బీమా మీదే నడుస్తాయి. కానీ లేఆఫ్ అయినవాడి హెల్త్ కార్డు మర్నాడూ చెల్లుతుంది. ఇవతల 2019లో జీఎం కార్మికుల సమ్మెలో రెండో రోజే కంపెనీ కార్మికుల బీమా ఖర్చు ఆపేసింది. గొడవయ్యాక కొద్ది రోజులకు మళ్లీ ఇచ్చింది. సమ్మె చేసేవాడి పిల్లల వైద్యాన్ని బేరానికి పెట్టడం అన్యాయమని మా అభిప్రాయం.

ఇక మన సభ్యులకు పనికొచ్చే లెక్క. కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల వివరాల కాగితం డబ్ల్యూ-2లో 12వ గడి చూడండి. డీడీ అనే అక్షరాల పక్కనున్న అంకె, ఏడాదికి మీ బీమాకయ్యే మొత్తం: మీ వాటా, కంపెనీ వాటా కలిపి. అది 24,000 డాలర్లనుకుందాం. నెలకు 2,000. ఉద్యోగం పోయాక అదే బీమాను కోబ్రా (ఉద్యోగం పోయినా కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొన్నాళ్లు కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద కొనసాగిస్తే 2 శాతం అదనంగా కలిపి 2,040 కట్టాలి. జీతంలో నెలకు 400 కోతకు అలవాటైన ఇంటికి ఇది పెద్ద దెబ్బ.

కోబ్రా 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న కంపెనీలకే తప్పనిసరి. లేఆఫైతే 18 నెలల దాకా దొరుకుతుంది. తీసుకోవాలో వద్దో తేల్చుకోడానికి 60 రోజులు, ఎంచుకున్నాక తొలి చెల్లింపుకు 45 రోజులు గడువు. కవరేజీ మాత్రం పాత బీమా ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది, కాకపోతే ఆ నెలల ప్రీమియమంతా కట్టాలి. కాబట్టి వేరే బీమా కుదిరే లోపు ఆస్పత్రి పాలైతే అప్పుడైనా కోబ్రా తీసుకోవచ్చు.

పొరపాటు ఎక్కువగా జరిగేది కోబ్రా నోటీసు వచ్చే కవరు దగ్గరే. నోటీసు పాత చిరునామాకు వస్తుంది, దాన్ని పంపే నిర్వాహక సంస్థ పేరు మీరెప్పుడూ విని ఉండరు. ప్రకటనల కాగితమనుకొని చెత్తబుట్టలో వేస్తారు. లేఆఫ్ రోజునే హెచ్ఆర్‌కు కొత్త చిరునామా రాసివ్వండి.

రెండోది డిడక్టిబుల్, అంటే బీమా కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏడాదిలో మీరే భరించాల్సిన మొత్తం. మీ డిడక్టిబుల్ 3,000 అయి, సెప్టెంబరుకి 2,600 కట్టేసి ఉంటే, మార్కెట్‌ప్లేస్ (సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్లానుకు మారగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అదే ఏడాది ఆపరేషన్ ఉంటే ప్రీమియం ఎక్కువైనా కోబ్రాయే లాభం కావచ్చు. మార్కెట్‌ప్లేస్‌కు మారాలన్నా పాత బీమా పోయిన 60 రోజుల్లోనే. కోబ్రా తీసుకుని దాన్ని మధ్యలో మీ అంతట మీరే మానేస్తే, ఆ 60 రోజులు దాటాక నవంబరు 1న నమోదు తెరిచేదాకా ఆగాలి. హెచ్-1బి వారికి వీసా తరఫున ఉండే గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి వేరు. అది పని ఆగిన రోజు నుంచి నడుస్తుంది. రెండు గడువులూ ఒకటేనని లెక్కేసుకోవద్దు.

65 నిండినవారికి ఇంకో చిక్కుంది. 65 దాటినవారి ప్రభుత్వ బీమా మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బి విషయంలో కోబ్రాను ఉద్యోగ బీమాగా లెక్కించరు. పని మానేసిన 8 నెలల్లో చేరకపోతే ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం పెరుగుతుంది, సాధారణంగా ఎప్పటికీ.

డబ్ల్యూ-2లు జనవరి 31 కల్లా వస్తాయి కనుక, ఫిబ్రవరి సమావేశానికి మీది తెచ్చుకోండి. 12వ గడి లెక్క ఒక్కొక్కరికీ కూర్చుని చూపిస్తాం.