‘హలాల్ ఫుడ్ ఉంటుందండీ’ అంటే చాలదు

అయ్యా,

2020లో ఆగిపోయిన భారత్–చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. మన ఊళ్లలో బీజింగ్, షియాన్, గ్వాంగ్‌జౌ ప్యాకేజీల మాట మళ్లీ వినిపిస్తోంది. ముస్లిం కుటుంబాలు భోజనం సంగతి అడిగితే ఏజెంట్లు చెప్పేది ఒకటే: ‘హలాల్ ఫుడ్ ఉంటుందండీ.’ ఏ ఊళ్లో, ఏ పూట, ఎవరి వంటగదిలో అన్నది ఐటినరీలో ఉండదు. పూర్తి డబ్బు కట్టి వెళ్లినవాళ్లు అక్కడ ఉడికించిన గుడ్లు, పళ్లతో పూట గడుపుకోవాల్సి రావడం అన్యాయం. పైగా ఇది తేలిగ్గా తప్పించగలిగిన ఇబ్బంది.

షియాన్‌నే తీసుకోండి. పాత కోటగోడల లోపల, డ్రమ్ టవర్‌కు ఆనుకుని, చైనా భాషే మాట్లాడే హుయ్ ముస్లింల పేట ఉంది. అక్కడి పెద్ద మసీదు 742లో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడు కనిపించే రూపం 1392 నాటి మింగ్ రాజవంశ కాలం నుంచి వచ్చింది. గుమ్మటాలుండవు. చైనా ఆలయంలా ఒకదాని వెనక ఒకటి ప్రాంగణాలు, పెంకుల కప్పులు ఉంటాయి. చైనాలో పెద్ద కట్టడాలు సాధారణంగా దక్షిణ ముఖంగా ఉంటే ఇది మాత్రం ఖిబ్లా, అంటే నమాజులో మక్కా వైపు తిరిగే దిక్కు, కోసం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. ఇతర మతాలవాళ్లు ప్రాంగణాలు చూడొచ్చు కానీ నమాజు హాల్లోకి వెళ్లకూడదు.

టూర్ బస్సులవాళ్లు చూపించేది ఈ పేటలోని బేయువాన్‌మెన్ వీధి ఒక్కటే. రద్దీ, ధరలు రెండూ అక్కడే ఎక్కువ. స్థానికులు తినే చోట్లు దాపియువాన్, సాజిన్‌చావ్ వైపు సందుల్లో ఉన్నాయి, నడిచి వెళ్లేంత దూరమే. అక్కడి అసలు భోజనం యాంగ్‌రౌ పావ్‌మో. ముందు ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు ఇస్తారు. వాటిని మనమే శనగగింజంత ముక్కలుగా తుంచాలి. ముక్క పెద్దదైతే రసం లోపలికి దిగక మధ్యలో పిండిపిండిగా తగులుతుంది. తుంచిన గిన్నె వంటగదికి తిరిగి వెళ్తుంది. వేటమాంసం, సన్న సేమ్యా, ఎముకల రసం కలిపి ఉడికించి తెస్తారు. నంజుకోవడానికి తియ్యగా ఊరిన వెల్లుల్లి, మిరప ముద్ద ఇస్తారు. దీనికి తీరిగ్గా గంట కావాలి. గైడు అరగంట టైమిస్తే పుల్లకు గుచ్చిన కబాబ్ తప్ప ఇంకేమీ దక్కదు.

పేట దాటితే లెక్క మారిపోతుంది. షియాన్‌లో పేరుమోసిన రౌజియామో, అంటే మాంసం కూరిన రొట్టె, మామూలుగా పంది మాంసంతో చేస్తారు. హుయ్ పేటలో మాత్రమే దాన్ని గొడ్డు మాంసంతో చేస్తారు. పేరు ఒకటే, చూడ్డానికీ ఒకేలా ఉంటుంది. మెనూలో ఏ జంతువు పేరూ లేకుండా ఉత్త ‘రౌ’ (మాంసం) అని ఉంటే దాన్ని పందిగానే లెక్కేసుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. హలాల్ పేటలో పంది బెడద ఉండదు కానీ గొడ్డు మాంసం దండిగా ఉంటుంది. మన గ్రూపుల్లో గొడ్డు మాంసం తిననివాళ్లు, శాకాహారులు కూడా ఉంటారు కాబట్టి వాళ్ల సంగతి గైడుకు విడిగా చెప్పి పెట్టాలి.

చైనాలో దేశమంతటికీ వర్తించే హలాల్ చట్టం లేదు. బోర్డుపై అరబిక్ అక్షరాల కోసం వెతకడం కూడా ఇప్పుడు కుదరని పని. 2019లో బీజింగ్‌లో హలాల్ హోటళ్ల బోర్డుల మీది అరబిక్‌ను అధికారులు తీయించారు. పోల్చుకోవాల్సింది హలాల్‌కు చైనా మాట అయిన ‘చింగ్‌జెన్’ అనే రెండు చైనా అక్షరాలను. మొదటిదానికి ఎడమవైపు నీటిచుక్కల్లాంటి మూడు చిన్న గీతలుంటాయి. రెండోదానికి పైన ప్లస్ గుర్తు, దాని కింద అడ్డగీతలున్న నిలువు పెట్టె, అడుగున పొడవాటి గీత, రెండు పొట్టి కాళ్లు ఉంటాయి. బయల్దేరే ముందే వీటి ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలి. చేత్తో నూడుల్స్ లాగే ‘లాన్‌జౌ’ దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, చాలావాటిని ముస్లింలే నడుపుతారు. అయినా లాన్‌జౌ పేరొక్కటే చూసి లోపలికి వెళ్లకూడదు. ఈ రెండు అక్షరాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మామూలు హోటల్లో ‘పోర్క్ లేదు’ అని మాటిచ్చినా అంతటితో పనవదు. నీచు వాసన పోవడానికి కోడికీ చేపకీ రైస్ వైన్ పట్టించడం అక్కడ మనం అల్లం వెల్లుల్లి పట్టించినంత మామూలు. ఆకుకూరను పంది కొవ్వులో వేయిస్తారు. కూరగాయల సూపుకు ఎముకల రసం పోస్తారు. ఇక్కడ తినే మంచూరియా, ఫ్రైడ్ రైస్‌ను మనసులో పెట్టుకుని వెళ్తే అక్కడ మోసపోతాం. ‘హలాలేనా?’ అని ఒక్క ముక్క అడిగితే మర్యాదకు తలూపేస్తారు. మాంసం ఎక్కణ్నుంచి తెచ్చారు, ఏ నూనె, వైన్ వేశారా, కడాయి వేరేనా అని నాలుగు ప్రశ్నలూ చైనా భాషలో రాయించుకున్న కార్డు చూపించాలి. హోటల్ బఫేలో ఆమ్లెట్టు కూడా బేకన్ కాల్చిన పెనం మీదే వేస్తుంటారు. అక్కడ ఉడికించిన గుడ్లు, చిలగడదుంప, పళ్లు నయం.

టైముల సంగతీ ఉంది. చైనా అంతటా బీజింగ్ టైమే. షియాన్ పడమరగా ఉండటంతో అక్కడ నడి మధ్యాహ్నం సుమారు 12.45కు వస్తుంది. శుక్రవారం 12 గంటలకు లంచ్, 1 గంటకు బస్సు అని రాసిన ఐటినరీలో జుమా నమాజుకు చోటే లేదు. మట్టి సైనికుల మ్యూజియం ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్రూపులకు అక్కడే బఫే పెట్టించి లంచ్ అయిందనిపిస్తారు. పొద్దున్నే మ్యూజియానికి వెళ్లి, లంచ్ వేళకు హుయ్ పేటకు తిరిగొచ్చేలా రాసుకుంటే నమాజూ భోజనమూ రెండూ కుదురుతాయి. దీనికి అదనంగా ఖర్చేమీ కాదు, క్రమం మార్చుకుంటే చాలు.

సింగపూర్ చైనాటౌన్‌లో పరిస్థితి మెరుగు. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో తమిళ చూలియా ముస్లింలు 1826లో నెలకొల్పిన జామే మసీదు, దానికి దగ్గరలోనే మారియమ్మన్ గుడి ఉన్నాయి. హలాల్ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం అక్కడ ‘ముయిస్’ అనే ప్రభుత్వ ఇస్లామిక్ మత మండలి ఒక్కదానిదే. సర్టిఫికెట్ ఆ చిరునామాకే చెల్లుతుంది, అదే పేరుతో ఉన్న పక్క వీధి శాఖకు చెల్లదు. గడువు తేదీ కూడా చూసుకోవాలి. ‘నో పోర్క్, నో లార్డ్’ (పంది మాంసం, పంది కొవ్వు లేవు) బోర్డు హలాల్ సర్టిఫికెట్ కాదు. చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో తిన్న ట్రేలు పెట్టడానికి హలాల్ అరలు వేరే ఉంటాయి, వాటిని కలపకూడదు.

ఏజెంట్ల నుంచి అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి రోజూ ప్రతి పూటా హోటల్ పేరు, చిరునామా, అది పూర్తి హలాల్ వంటగదో, శాకాహారమో, లేక ‘పోర్క్ లేదు’ అన్నంత వరకేనో బుకింగ్ కాగితం మీదే రాయాలి. కుదరని పూట ‘ఈ పూట హలాల్ లేదు’ అని నిజం రాస్తే జనం రొట్టె, ఖర్జూరం వెంట తెచ్చుకుంటారు. విమానంలో ముస్లిం మీల్‌కు ‘ఎంఓఎంఎల్’ అనే కోడ్ ఉంది. దాన్ని కనెక్టింగ్ ఫ్లయిట్‌తో సహా ప్రతి సెక్టారుకూ విడివిడిగా, కనీసం 24 గంటల ముందు పెట్టించాలి. మీ పర్యాటక పేజీలో చైనా గురించి రాసినప్పుడల్లా ఈ వివరాలకు కాస్త చోటివ్వండి. పాఠకులు కూడా అడ్వాన్సు కట్టే ముందే పూటవారీ భోజనాల కాగితం అడిగి తీసుకోవాలి.

– ఒక టూర్ మేనేజర్, హైదరాబాద్