నా నవల చదివిన వాళ్ళందరికీ

పోయిన సోమవారం నా నవల రాతప్రతిని మళ్ళీ ఒక ప్రచురణ సంస్థకు పోస్టులో వేశాను. ఇది ఆరోసారి. తీసుకుంటారో లేదో తెలియదు. తీసుకున్నాకే అందరికీ చెబుదామని మొదట అనుకున్నాను. కానీ నాకు సాయం చేసిన వాళ్ళు పుస్తకం అచ్చవుతుందన్న నమ్మకంతో చేయలేదు. అందుకే ఆ జవాబు కోసం ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను నా నవలకు కథ. అప్పుడు నాకు ఆరేళ్ళు. మా అమ్మమ్మగారి ఊరు ముమ్మిడివరం దగ్గర. తాతయ్య తోటలో ఎనభై కొబ్బరి చెట్లుంటే తెల్లారేసరికి పదకొండు నిలబడి ఉన్నాయి. మళ్ళీ మొక్కలు నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. "అప్పటికి నేనుంటానా" అనేవారట తాతయ్య. ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పిల్లలు లేచేలోపు రోజూ కొంచెం కొంచెంగా మూడేళ్ళు రాశాను.

మొదట పంపిన చోటి నుంచి ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే "చూస్తామండి" అన్నారు, అంతే. రెండో చోటు నుంచి ఒక్క వాక్యం వచ్చింది: మా ప్రచురణలకు సరిపడదు. మూడో వాళ్ళు ఖర్చు మీరు పెట్టుకుంటే 500 కాపీలు వేస్తామన్నారు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో చిన్నతనమేమీ కాదు, చాలామంది మంచి రచయితలు అలాగే వేసుకుంటున్నారు. పుస్తకాన్ని గుర్తించడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు కూడా మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. కానీ నా దగ్గర అంత డబ్బు లేదు. పైగా నాకు ఏమాత్రం తెలియని వాళ్ళెవరైనా చదివి, ఇది వేయాలి అనుకోవాలని నా కోరిక. నాలుగో చోట మాత్రం, ఈ యాస మిగతా జిల్లాల వాళ్ళకు అర్థం కాదన్నారు. అది చదివిన రోజు ఫైలును బట్టల బీరువాలో అడుగున పెట్టేశాను. ఏడు నెలలు తీయలేదు.

ఆ ఏడు నెలల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి రోజుల్లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుండవచ్చు. కారణం చెప్పకుండా వద్దంటే ఆ కారణాన్ని మనమే కల్పించుకుంటాం. నాకు రాయడం రాదు, నా ఊరి కథ ఎవరికీ అక్కర్లేదు, మా తాతయ్య బాధ చిన్నది. ఇవన్నీ నాకు ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను, అనుకుని నమ్మాను. ఇంట్లో అడిగితే "ఇంకా చూస్తున్నారు" అని అబద్ధం చెప్పాను. లైబ్రరీకి వెళ్ళడం కూడా మానేశాను. వేరేవాళ్ళ పుస్తకాలు చూస్తేనే ఏడుపొచ్చేది.

మా శాఖా గ్రంథాలయం మేడమ్‌గారు ఒకరోజు కొట్టు దగ్గరకే వచ్చారు. కొబ్బరికాయలు కొనడానికి కాదు. "మీ కార్డు మీద పుస్తకం తీసుకుని ఆరు నెలలైంది, ఒంట్లో బాగుంటోందా?" అని అడగడానికి. నాకు మాట రాలేదు. గోనెసంచుల పక్కన నిలబడి అంతా చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఒక సాయంత్రం మీరొచ్చి ఒక అధ్యాయం చదవండి అన్నారు. మేడమ్, ఆ రోజు మీరు నాపై జాలి చూపించి ఉంటే నేను మళ్ళీ బీరువా తెరిచేదాన్ని కాదు.

తొమ్మిది మంది వచ్చారు. అందులో మా వీధిలో ఉండే, కొబ్బరి పీచు పనికి వెళ్ళే పిన్ని ఒకరు. ఆవిడ పుట్టిల్లు కాట్రేనికోన దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. బడికి వెళ్ళలేదు. నేను తుఫాను రాత్రి అధ్యాయం చదువుతున్నాను. మబ్బుల సందులోంచి వెన్నెల పడి, విరిగిన చెట్లు తెల్లగా కనిపించాయని రాసుకున్నాను. నాకది చాలా ఇష్టమైన వాక్యం. పిన్ని చెయ్యెత్తి ఆపారు.

"దీపావళి ఇంక నాలుగు రోజులుందనగా వచ్చిందమ్మా ఆ గాలి. అమాస ముందు ఎన్నెలెక్కడిది?"

ఇంటికొచ్చి చూస్తే నిజమే, ఆ ఏడాది దీపావళి నవంబరు 10. ఆ వాక్యం కొట్టేశాను. మర్నాడు సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. ఆ తర్వాత రెండు నెలలు వెళుతూనే ఉన్నాను. ఆ రాత్రి ఏమీ కనపడలేదని, కొబ్బరి చెట్ల మొవ్వులు, అంటే తలలు, విరిగిన చప్పుడే వినపడిందని, ఆ చప్పుడును బట్టే ఎవరి తోట పోయిందో చెప్పుకున్నారని ఆవిడ చెప్పారు. మంచినీళ్ళు లేక, పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకుని తాగారట. ఏళ్ళు పెంచిన చెట్టు చివరి నీళ్ళని ఎవరూ మాట్లాడకుండా తాగారట. నా పుస్తకంలో ఇప్పుడున్న మంచి పేజీలన్నీ పిన్ని ఇచ్చినవే. యాస అర్థం కాదన్న మాట నాకప్పటి నుంచి గుచ్చుకోవడం మానేసింది. ఆ మాటలు ఆ యాసలో తప్ప ఇంకెలా చెబుతారు?

రిటైరైన తెలుగు మాస్టారు మొత్తం 240 పేజీలు పెన్సిలుతో దిద్దారు. ఎదుర్లంక దగ్గర నా కథానాయిక బస్సులో గౌతమి, అంటే గోదావరి పాయ, దాటుతుంది. "అమ్మాయ్, ఆ వంతెన 2002లో కదా వచ్చింది, అప్పటికి పంటు పడవే గతి" అని పక్కన రాశారు. అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం "ఇక్కడ ఆగిపోయాను, లేచి బయట కాసేపు తిరిగి వచ్చాను" అని రాశారు. తాతయ్య తోటలోకి వెళ్ళడం మానేసిన పేజీ అది. మాస్టారూ, ఆ కాగితం దాచుకున్నాను.

కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టే (డీటీపీ) తమ్ముడికి కూడా చెప్పాలి. నేను మొదట పాత పద్ధతి టైపు అక్షరాలైన అనూ ఫాంట్లలో చేయించాను. తర్వాత పంపాల్సిన వాళ్ళు, ఏ కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లో అడిగారు. మారిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. మూడు రాత్రులు కూర్చుని సరిచేసి, డబ్బులిస్తే "పుస్తకం వచ్చాక ఒకటివ్వండక్కా" అన్నాడు.

అయిదోసారి పంపిన చోట కూడా వద్దనే అన్నారు. కానీ ఆ సంపాదకులు రెండు పేజీల ఉత్తరం రాశారు. మీరెవరో నాకు తెలియదు, మిమ్మల్ని చూడలేదు. మొదటి నలభై పేజీల్లో కథ కదలడం లేదని, తాతయ్య మొక్క నాటిన రోజు దగ్గర మొదలుపెట్టమని, తల్లీకూతుళ్ళ గొడవ రెండుసార్లు వచ్చిందని, పేజీ నంబర్లతో సహా రాశారు. మేము ఏడాదికి కొన్ని పుస్తకాలే వేయగలం, ఇది ఫలానా చోటికి పంపి చూడండి అని చిరునామా కూడా ఇచ్చారు. వద్దన్న ఉత్తరం పట్టుకుని నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పుస్తకాన్ని ఎవరో పూర్తిగా చదివారు, అందుకు. మర్నాడు నాలుగున్నరకు లేచి ఆ నలభై పేజీలు తీసేశాను.

మా ఆయన మూడు నెలలు పొద్దున్నే పిల్లల క్యారేజీలు కట్టారు. నేను అబద్ధం చెప్పానని తెలిశాక ఒక్క మాట కూడా అనలేదు.

గ్రంథాలయం మేడమ్‌గారు ఇప్పుడు నెలకో ఆదివారం పది గంటలకు మాలాంటి వాళ్ళ కోసం ఒక గంట కేటాయించారు. రాసుకుని దాచిపెట్టుకున్న వాళ్ళు చుట్టుపక్కల ఎవరున్నా కాగితాలు పట్టుకుని రండి. వినడానికి మేమున్నాం.

పిన్నీ, మీ మనవరాలు ఇది మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. చివరి అధ్యాయం మార్చాను, మీకింకా వినిపించలేదు. ఈ ఆదివారం సాయంత్రం వస్తాను.