ఆశ్రమం కట్టే ముందు ఆ కుర్రాడి ఇల్లెక్కడో అడగండి

సంపాదకుల వారికి,

నమస్కారం. కెన్యా రాజధాని నైరోబీలో వీధి బాలుర కోసం ఒక ఆశ్రమం కట్టడానికి మన కోస్తా జిల్లాల క్రైస్తవ సంఘాలు కొన్ని, అమెరికాలో ఉన్న తెలుగు విశ్వాసులతో కలిసి చందాలు పోగుచేస్తున్నాయని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఆ సంకల్పాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుని, తర్వాత మిషన్ బడిలోనే పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ముక్కూ మొహం తెలియని పరదేశి పంపిన కానుక ఒక పేద పిల్లవాడి బతుకును ఎంత మార్చగలదో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ డబ్బు ఇటుకలకూ సిమెంటుకూ పోవాలా, ఆ కుర్రాళ్ల ఇళ్లకు చేరాలా అన్న ప్రశ్న ఆ వార్తలో ఎక్కడా రాలేదు. నైరోబీలో ఈ ప్రశ్న కొత్తది కాదు. అక్కడి వీధుల్లో పనిచేసిన మిషనరీలే దానికి చాలా కాలం కిందట ఒక జవాబు వెతుక్కున్నారు.

1963లో స్వాతంత్ర్యం వచ్చాక పల్లెల నుంచి నైరోబీకి వలస వచ్చిన కుటుంబాలు మథారే లోయలోనూ పుమ్వానీ చుట్టుపక్కలా రేకుల గుడిసెల్లో సర్దుకున్నాయి. వాటిలో మగదిక్కు లేని ఇళ్లు చాలా. తల్లులు చాటుమాటుగా బుసా అనే నాటు మద్యం కాచి అమ్ముకునేవారు, పోలీసులు పట్టుకుంటే జరిమానా కట్టేవారు, కట్టలేనివారు జైలుకు పోయేవారు. ప్రాథమిక బడికి కూడా ఫీజు ఉన్న రోజులవి. ఆడపిల్లలు ఇంట్లో చంటిపిల్లలను చూసుకుంటూనో, పరాయి ఇళ్లలో పనిపిల్లలుగానో ఎవరి కంటా పడకుండా ఉండిపోతే, మగపిల్లలను ఊళ్లోకి వెళ్లి నాలుగు డబ్బులు తెమ్మనేవారు. వాళ్లు నగరం నడిబొడ్డున కారు వస్తే ఖాళీ చోటు చూపించి, మీటరులో నాణెం వేసి, యజమాని తిరిగి వచ్చేదాకా కాపలా కాసి చిల్లర అడిగేవారు. ఊరంతా వాళ్లను పార్కింగ్ బాయ్స్ అని పిలిచేది. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే కుర్రాడు సంపాదన లేని రోజున తన్నులకు భయపడి ఊళ్లోనే ఆగిపోతాడు. అలా ఆగిన రాత్రులు పెరిగిన కొద్దీ చెప్పులు కుట్టేవాళ్లు వాడే గమ్ సీసా మత్తు కోసం ముక్కు దగ్గరికి చేరుతుంది, ఇంటి దారి దూరమవుతుంది. ఇంటికీ వీధికీ మధ్య ఊగిసలాడే ఆ కాలంలోనే అతన్ని పట్టుకోగలిగితే పని సులువు. ఆశ్రమాలకు చేరేది ఆ కాలం దాటిపోయాకనే.

ఆ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లినవారిలో ముఖ్యుడు ఆర్నాల్డ్ గ్రోల్ అనే డచ్ కాథలిక్ గురువు. వైట్ ఫాదర్స్ అని లోకం పిలిచే ఆఫ్రికా మిషనరీల సభకు చెందిన ఈ ఫాదరు 1973లో ఉండుగు సొసైటీని స్థాపించారు. మొదట్లో అందరికీ తోచినట్టే ఆయనకూ తోచింది: వీధిలోంచి తెచ్చి, స్నానం చేయించి, అన్నం పెట్టి, పడుకోవడానికి చోటు చూపించడం. ఆ ఇళ్లు నిండిపోయాయి గానీ వీధి ఖాళీ కాలేదు, ఎందుకంటే కుర్రాడిని బయటికి తోసిన గుడిసె అలాగే ఉంది, ఆ గుడిసెలో అతని తమ్ముడు ఉన్నాడు. అందుకని ఉండుగు తన పనిని నెమ్మదిగా మురికివాడల్లోకే మళ్లించింది. తల్లులకు కాచే పని కాక మరో బతుకుతెరువు చూపించడం, కిటుయి, కనుకు, కిన్యాగో వంటి వాడల్లో తక్కువ ఖర్చుతో గుడిసెలు తిరిగి కట్టుకోవడానికి సాయపడడం కూడా వీధి బాలుర సేవలో భాగమయ్యాయి. చందా అడగడానికి వెళ్లిన మనిషి పిల్లవాడి ఫోటోకు బదులు వాళ్లమ్మ ఇంటి కప్పు గురించి మాట్లాడితే చందాలు తక్కువే వస్తాయి. అయినా ఆ సంస్థ అటే వెళ్లింది, నాకు ఆ సంస్థ మీద గౌరవం ఉన్నది అందుకే.

చదువు విషయంలోనూ అంతే. పన్నెండేళ్లు దాటిన కుర్రాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారం తిరక్కుండా పారిపోతాడు. దాదాపు నలభై ఏళ్లు పిల్లల మధ్యే బతికినవాణ్ణి గనుక ఇది ధైర్యంగా చెప్పగలను. ఉండుగు వాళ్లు అలాంటివారి కోసం మూడేళ్లలో చదవడం, రాయడం, లెక్కలు పూర్తయ్యే వేరే పాఠక్రమం పెట్టారు. ఆ తర్వాత జువా కాలీ అని పిలిచే ఆరుబయటి కార్ఖానాల్లో, రేకుతో పెట్టెలూ పొయ్యిలూ చేసే మేస్త్రీల దగ్గర, వెల్డింగు, వడ్రంగం, మోటారు మరమ్మతు చేసేవారి దగ్గర శిష్యులుగా చేర్చారు. కుర్రాడు బతకబోయే బజారులోనే పని నేర్చుకోవడం వల్ల, పని వచ్చేనాటికి అతని మేస్త్రీకీ ఇరుగుపొరుగుకూ అతను తెలిసినవాడై ఉంటాడు. ఊరి చివర ప్రహరీ గోడ కట్టి లోపల యంత్రాలు బిగించిన శిక్షణాలయంలో ఈ ఒక్కటే దొరకదు.

నిజానికి ఇది క్రైస్తవ సేవాసంప్రదాయంలో పాత సంగతే. ఇటలీలోని ట్యూరిన్‌లో 1840ల నుంచి పనివాళ్ల కుర్రాళ్లను చేరదీసిన కాథలిక్ గురువు డాన్ బాస్కో, 1850ల మొదట్లో వారి తరఫున మేస్త్రీలతో రాతపూర్వకంగా ఒప్పందాలు చేయించారు: పని నేర్పాలి, దానికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు, తప్పు చేస్తే మాటతోనే దిద్దాలి, పండుగకు సెలవు ఇవ్వాలి. ఆయన స్థాపించిన సలేషియన్ సభ 1980 నాటికి ఆఫ్రికా మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టినప్పుడు, తూర్పు ఆఫ్రికాకు తరలివెళ్లిన తొలి బృందాల్లో భారతదేశపు గురువులు ఎక్కువగా ఉన్నారు. ఉత్తర కెన్యాలోని కాకుమా శరణార్థి శిబిరంలో చేతిపనుల బడి నడుపుతున్నదీ ఆ సభే. అదే సభ 1989లో మన విజయవాడలో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టింది. విజయవాడ జంక్షనులో ఏ రైలు దిగుతాడో తెలియని కుర్రాడి విషయంలో ముందు అడగవలసింది అతని ఊరూ పేరూ అని అక్కడ పనిచేసినవారెవరినడిగినా చెబుతారు. నైరోబీకి చందా పంపదలచిన మనవారు ముందుగా బెజవాడ రైలు స్టేషను దాకా వెళ్లి ఆ పని చేసేవారితో ఒక పూట గడిపివస్తే ఖర్చు లేకుండా చాలా నేర్చుకోవచ్చు.

ఇక్కడ నా బోర్డింగు అనుభవాన్ని ఎవరైనా నాకే ఎదురు చూపవచ్చు: మీరు మిషన్ హాస్టలులో పెరిగి బాగుపడితే ఆఫ్రికా కుర్రాడికి అది వద్దంటారేమిటని. మా బోర్డింగు అనాథాశ్రమం కాదు. అది బడికి అనుబంధం. క్రిస్మసుకీ వేసవికీ తాళం పడేది, పెట్టె సర్దుకుని పల్లెకు వెళ్లి నాట్లకూ కోతలకూ మా అమ్మానాన్నల వెంట పొలం పోయేవాళ్లం. తిరిగివచ్చేటప్పుడు మా నాన్న వార్డెను గారితో మాట్లాడి వెళ్లేవాడు. నన్ను చేర్పించినవాడూ ఆయనే, కావాలంటే తీసుకుపోగలవాడూ ఆయనే. ఆ తాడు తెంపకుండా నడిపే వసతిగృహానికీ, తండ్రీతల్లీ ఉన్న పిల్లవాణ్ణి అనాథ అని రిజిస్టరులో రాసుకునే ఆశ్రమానికీ పోలిక లేదు. ప్రపంచవ్యాప్తంగా ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది.

కెన్యా ప్రభుత్వం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2003 జనవరిలో ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. అదే ఏడాది వీధి కుటుంబాల పునరావాసానికి ఒక నిధి ఏర్పాటు చేసింది. 2017 నవంబరులో కొత్త అనాథాశ్రమాల నమోదును నిలిపివేసింది. 2022లో పిల్లల సంరక్షణ సంస్కరణకు పదేళ్ల జాతీయ ప్రణాళికను ప్రకటించింది. ఆశ్రమాల్లోని పిల్లలను క్రమంగా కుటుంబాలకు, బంధువులకు, పెంపుడు ఇళ్లకు చేర్చడం దాని ఉద్దేశం. ఒక దేశం ఇంత స్పష్టంగా ఒక దారి ఎంచుకున్నాక, దానికి ఎదురు దిక్కున మనం భవనానికి శంకుస్థాపన చేయించబోవడం సేవ ఎలా అవుతుందో నిర్వాహకులే చెప్పాలి. ఆ ఆశ్రమానికి అక్కడి పిల్లల శాఖ అనుమతి ఉందా లేదా అన్నది మీ విలేకరి అడగవలసిన మొదటి ప్రశ్న.

మత విషయం దాటవేయను. మన దేశంలో మిషనరీ అనగానే మతమార్పిడి వాదం మొదలవుతుంది. ఆ వాదాన్ని యథాతథంగా నైరోబీకి మోసుకుపోతే పొరపాటు. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో క్రైస్తవులు 85 శాతానికి పైగా ఉన్నారు. ఆ పార్కింగ్ కుర్రాళ్లలో చాలామంది జోసెఫులూ పీటర్లూ శామ్యూళ్లే, వీధికి రాకముందే బాప్తిస్మం పొందినవారే. కాబట్టి అక్కడ ప్రశ్న ఎవరిని మార్చారన్నది కాదు. అన్నం పెట్టే చెయ్యి ప్రార్థనకు హాజరు పట్టీ కూడా పట్టుకుంటుందా అన్నదే ప్రశ్న. ముస్లింలు ఎక్కువగా ఉన్న మొంబాసా తీరం నుంచి వచ్చిన కుర్రాడు శుక్రవారం మసీదుకు వెళతానంటే పంపుతారా? పాట పాడనన్న పిల్లవాడికీ పాడినవాడికీ ఒకే కూర వడ్డిస్తారా? నేను విశ్వాసినే, నా విశ్వాసం ఈ ప్రశ్నలకు జడవదు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది కాపలా లేని కరుణ. కెన్యాలోని గిల్గిల్ పట్టణంలో వీధి బాలురకు తిండీ బట్టా ఆశ చూపి వారిపై లైంగిక దాడులు చేసిన ఒక బ్రిటిష్ వ్యక్తికి 2015లో బర్మింగ్‌హామ్ న్యాయస్థానం పదిహేడేళ్లకు పైగా శిక్ష వేసింది. అతను మిషనరీ కాదు, ఒక సేవాసంస్థ స్థాపించినవాడు. కానీ పరదేశం నుంచి వచ్చిన దాతను ఊళ్లో ఎవరూ ప్రశ్నించలేని పరిస్థితి మిషన్ ప్రాంగణాల్లోనూ ఉంటుంది. పోలీసులకు చెప్పుకుందామంటే, వీధి కుర్రాళ్లను పోలీసులే ఎలా కొట్టి బంధించేవారో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 1997లో ఒక నివేదికే రాసింది. మగపిల్లవాడికి ఇలాంటిది జరగదులే అనుకునే అలవాటు మనవాళ్లలోనూ ఉంది. సెలవుల్లో వారం రోజులు వెళ్లి పిల్లలతో గడిపి వద్దామనుకునే మన యువజన బృందాల విషయంలో కూడా, ఎవరు వెళుతున్నారు, రాత్రి ఎక్కడ ఉంటారు, పిల్లవాడు ఫిర్యాదు చేయదలిస్తే స్థానికంగా ఎవరికి చెప్పుకోవాలి అన్నవి ముందే తేలాలి.

వసతి పూర్తిగా అనవసరమని నా వాదన కాదు. గమ్ మత్తులో ఉన్నవాణ్ణి, జబ్బుపడినవాణ్ణి, ఇంటికి పంపితే ప్రాణానికే ముప్పు ఉన్నవాణ్ణి కొన్ని వారాలో నెలలో ఉంచి చూసుకోవలసిందే. ఎవరూ లేని పిల్లలు కూడా ఉంటారు. వారికైనా గోడల మధ్య పెంపకం ఒక్కటే గతి కాదని సూడాను కుర్రాళ్ల కథ చెబుతుంది. యుద్ధంలో కుటుంబాలకు దూరమై 1987 నుంచి వేల సంఖ్యలో ఇథియోపియాకు నడిచిపోయి, 1991లో అక్కడి నుంచి మళ్లీ తరిమివేయబడి, 1992లో కాకుమా చేరిన దింకా, నువేర్ తెగల బాలురను ఎక్కువగా తమ భాష వారి మధ్యే, చిన్న చిన్న గుంపులుగా, తమవారైన పెద్దల చూపు కింద ఉంచారు. వారి ఆరాధన కూడా విదేశీ గురువుల మీద ఆధారపడలేదు. దక్షిణ సూడాను నుంచి విదేశీ మిషనరీలను 1964లోనే వెళ్లగొట్టగా, ఆ తర్వాత సువార్తను మోసినది అక్కడి పాస్టర్లూ ఉపదేశకులూ యువకులే.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఆ వార్తతో పాటు ముక్కు దగ్గర సీసా పట్టుకున్న ఒక కుర్రాడి ముఖం స్పష్టంగా కనిపించేలా ఫోటో వేశారు. రక్షణ అవసరమైన పిల్లవాణ్ణి గుర్తుపట్టేలా వివరాలు గానీ ఫోటో గానీ ప్రచురించడాన్ని మన 2015 బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తున్నది. విజయవాడ ప్లాట్‌ఫారం మీది కుర్రాడి ముఖం మీరు వేయరు కదా. నైరోబీ కుర్రాడి ముఖానికీ ఆ మర్యాద ఇవ్వవలసింది.

చందాలు సేకరిస్తున్న సంఘాల పెద్దలు ఆ ప్రాజెక్టులో స్థానిక కెన్యా సిబ్బంది ఎందరో, భవనానికి ఎంతో, కుటుంబాల కోసం ఎంతో, కుర్రాడిని ఇల్లు చేర్చాక ఎన్నాళ్లు వెళ్లి చూసివస్తారో రాసి మీకు పంపితే, దయచేసి దాన్ని కూడా అదే పేజీలో ప్రచురించండి. ఆ లెక్కలో ఇళ్లకు చేరే వాటా ఉంటే నా పింఛనులోంచి కూడా కొంత పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా