బర్న్-ఇన్ పేరుతో వాపసు గడువు దాటిపోనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నవారు వాటిని 100 నుంచి 200 గంటలు మోగించాకే అసలు శబ్దం వినగలరని, అప్పటిదాకా మంచిచెడ్డలు తేల్చుకోకూడదని మీ టెక్నాలజీ పేజీలో వచ్చింది. బర్న్-ఇన్ అని అందరూ పిలిచే ఈ సలహా పైకి నిరపాయంగా కనిపిస్తుంది. కానీ దీన్ని నమ్మి కొన్నవారు నిజంగా నష్టపోతున్నారు. 200 గంటలంటే రేయింబవళ్లు ఆపకుండా మోగించినా 8 రోజులు దాటుతుంది. రోజుకు 4 గంటల లెక్కన 50 రోజులు. సరుకు వాపసు ఇవ్వడానికి అమ్మినవాళ్లు పెట్టే గడువు సాధారణంగా అంతకంటే తక్కువే. ఒక చెవిలో బేస్ పల్చగా ఉందని మొదటిరోజే తెలిసినా "ఇంకా సెట్ అవ్వాలి కదా" అనుకుని ఆగినవారి చేతిలో చివరికి లోపమున్న జతే మిగులుతుంది.

లౌడ్‌స్పీకర్ల విషయంలో ఈ మాటలో నిజముంది. బేస్ పలికించే వూఫర్ స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఆడే పెద్ద కోన్‌ను అంచున రబ్బరు చుట్టు, వెనకాల స్పైడర్ అనే ముడతల గుడ్డ పట్టి ఉంచుతాయి. ఆ గుడ్డను రెజిన్‌తో బిగుతుగా చేస్తారు. కోన్ మిల్లీమీటర్ల మేర ముందుకీ వెనక్కీ ఆడుతుంటే ఆ బిగువు కొంత సడలుతుంది, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే కోన్ తనంతట తేలిగ్గా ఊగే స్వరం, కాస్త కిందికి దిగుతుంది. పరికరంతో కొలిస్తే ఇది తెలుస్తుంది. మామూలు హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే భాగమైన డైనమిక్ డ్రైవర్‌లో స్పైడర్ ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన వాయిస్ కాయిల్ అనే తీగచుట్ట, వెనక అయస్కాంతం, అంతే. పొర అంచే దానికి ఆధారం. మనం వినే వాల్యూమ్‌లో అది కదిలేది మిల్లీమీటరులో చిన్న వంతు. సడలడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ప్లానార్, ఎలక్ట్రోస్టాటిక్ అనే వేరే రకాల డ్రైవర్లలో పొరను బిగించి లాగి అమరుస్తారు. ఆ బిగువు తగ్గిపోతే శబ్దం మెరుగుపడదు, డ్రైవర్ పాడవుతుంది.

డ్రైవర్ వెంట్రుకవాసి కూడా మారదని ఎవరూ అనరు. హెడ్‌ఫోన్ సమీక్షకుడు టిల్ హెర్ట్‌సెన్స్ ఏకేజీ కంపెనీ క్యూ701 జతను గంటల తరబడి మోగిస్తూ మధ్యమధ్య కొలుస్తూ పోయారు. దొరికిన తేడాలు చాలా చిన్నవి. కొలతల కోసం వాడే బొమ్మ తల మీద నుంచి హెడ్‌ఫోన్ తీసి మళ్లీ పెట్టినా గ్రాఫ్ మారుతుంది, పై ఫ్రీక్వెన్సీల్లో అయితే కొన్ని డెసిబెల్స్ దాకా. అసలు తల మీదా అంతే. చెవిని కప్పే హెడ్‌ఫోన్ కప్పు అర సెంటీమీటరు ముందుకు జరిగితే వచ్చే తేడా ముందు బర్న్-ఇన్ తేడా లెక్కలోకే రాదు.

మరి రెండు వారాలు వాడాక శబ్దం మారిందని ఇంతమంది చెబుతున్నారే, వాళ్లంతా భ్రమపడుతున్నారా? లేదు. చాలాసార్లు మార్పు నిజమే. అది ఎక్కువగా ఇయర్ ప్యాడ్లలో వస్తుంది. కొత్త లెదర్ ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కి చూడండి, లోపలి ఫోమ్ గట్టిగా ఎదురుతన్నుతుంది. అలాంటి ప్యాడ్ చెవి తమ్మె కింద, దవడ ఎముక వెనక ఉండే పల్లంలో సరిగా ఆనదు. ఆ సన్నటి సందులోంచి గాలి పోతుంది. ముందుగా పోయేది 100 హెర్ట్జ్ కింది బేస్. కప్పు వెనక భాగం మూసి ఉండే క్లోజ్డ్ హెడ్‌ఫోన్లలో ఈ నష్టం చాలా ఎక్కువ. రోజూ పెట్టుకుంటుంటే ఒంటి వేడికి, చెమటకు, కప్పుల ఒత్తిడికి ఫోమ్ మెత్తబడి మీ ముఖం ఆకారానికి వస్తుంది. సందు మూసుకుని బేస్ నిండుతుంది. ప్యాడ్ అణిగినకొద్దీ డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది కాబట్టి ట్రెబుల్, అంటే సన్నటి పై స్వరాలు, కూడా మారుతుంది.

ఇది తేల్చుకోవడానికి నిమిషం చాలు. బేస్ ఉన్న పాట పెట్టి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ పెరిగితే సమస్య సీల్‌ది, అంటే ప్యాడ్ సందు లేకుండా ఆనడం లేదు. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వినండి. కాడలు లావుగా ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. ప్యాడ్ కింద జుట్టు చిక్కుకున్నా ఇదే పరిస్థితి. హెడ్‌ఫోన్లను టేబుల్ మీద పెట్టి 200 గంటలు మోగిస్తే ప్యాడ్లకు ఒరిగేదేమీ ఉండదని ఇక చెప్పనక్కర్లేదు. అవి మెత్తబడాలంటే మీ తల మీదే ఉండాలి.

బ్యాండ్ తలను మరీ నొక్కేస్తుంటే, లోపల స్టీలు పట్టీ ఉన్నవాటిని తల కంటే 1–2 సెంటీమీటర్లు వెడల్పున్న పుస్తకాల దొంతరకు తొడిగి రాత్రంతా ఉంచవచ్చు. మొత్తం ప్లాస్టిక్ అయితే ఈ పని చేయవద్దు, పగులుతుంది. అతిగా వదులు చేసినా సీల్ పోయి బేస్ మళ్లీ పల్చబడుతుంది.

రెండో మార్పు వినేవారిలోనే వస్తుంది. ఏళ్లుగా బేస్ మోతకు అలవాటుపడిన చెవికి సమతూకంగా పలికే కొత్త జత మొదట్లో చప్పగా ఉంటుంది. వారం పాటు అదే వింటే ఆ స్వరమే మామూలైపోతుంది, పాతదే వింతగా తోస్తుంది. శబ్దంలోని చిన్న చిన్న వివరాలు మన జ్ఞాపకంలో నిలిచేది కొన్ని సెకన్లే. పదిహేను రోజుల కిందటి ట్రెబుల్‌ను ఇవాళ్టి ట్రెబుల్‌తో జ్ఞాపకం మీద పోల్చడం ఎవరి వల్లా కాదు. దానికితోడు వాల్యూమ్ అర డెసిబెల్ పెరిగినా పెరిగిందని తెలియదు, బాగుందని తెలుస్తుంది.

మధ్యలో ఆంప్లిఫయర్ మార్చినవారు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే, కరెంటుకు ఎదురయ్యే అడ్డు) హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు. 300 ఓమ్‌లని రాసి ఉన్న డైనమిక్ హెడ్‌ఫోన్ బేస్ దగ్గర 500 ఓమ్‌ల దాకా ఎగబాకవచ్చు. దాన్ని 120 ఓమ్‌ల అవుట్‌పుట్‌కు తగిలిస్తే ఆ భాగం మిగతా శబ్దం కంటే సుమారు 1 డెసిబెల్ లేస్తుంది. ఈ మార్పు సర్క్యూట్ తెచ్చినది, గంటల లెక్కతో వచ్చినది కాదు.

కాబట్టి పెట్టె తెరిచిన రోజే చేయాల్సిన పరీక్షలున్నాయి. ముందు కేబుల్ పిన్నులు చివరిదాకా దిగాయో లేదో చూడాలి. కొత్త సాకెట్లు బిగుతుగా ఉంటాయి, సగం దిగిన పిన్నుతో ఒక పక్క నీరసంగా మోగుతుంది. ప్యాడ్ రింగు చుట్టూ అన్ని క్లిప్పులూ పడ్డాయా అన్నది తర్వాత. ఆపైన మోనోలో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేలా, ఒకే గొంతు ఉన్న రికార్డింగు పెట్టండి. గొంతు తల మధ్యలో వినపడాలి. ఒక పక్కకు లాగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి ఎడమ కప్పు కుడి చెవికి పెట్టుకోండి. వాలు ఇంకా అదే చెవి వైపు ఉంటే తేడా మీ చెవిలోనో, ప్యాడ్ ఆనే తీరులోనో ఉంది. కప్పుతో పాటు అటు మారితే రెండు పక్కల కేబుళ్లనూ ఒకదానికొకటి మార్చి చూడండి. అప్పుడు బలహీనత రెండో కప్పుకు పోతే లోపం కేబుల్‌లోనో, పాట వచ్చే పరికరంలోనో ఉన్నట్టు; పాత కప్పులోనే ఉంటే డ్రైవర్‌ను అనుమానించాలి. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియనట్టు తల చుట్టూ పరుచుకుని, బేస్ మాయమైతే ఒక డ్రైవర్ తీగలు తిరగబడి ఉండవచ్చు.

చివరగా 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకెక్కే సైన్ టోన్‌ను (ఒకే శుద్ధ స్వరాన్ని) తక్కువ వాల్యూమ్‌లో వినాలి. అట్టడుగున ఏమీ వినపడటం లేదని వాల్యూమ్ పెంచేయకండి. అక్కడ చెవికి గ్రహింపు తక్కువ; టోన్ పైకెక్కేసరికి చెవులు దద్దరిల్లుతాయి, డ్రైవర్ కూడా దెబ్బతినవచ్చు. ఒకచోట జుయ్యిమన్న గరగర వస్తే పొర మీద వెంట్రుక పడిందనో, తీగ వదులుగా తగులుతోందనో అర్థం. అది 200 గంటలకే కాదు, 2,000 గంటలకూ పోదు. వారంటీ ఉండగా మీరే విప్పకుండా వాపసు పంపండి.

అయినా మోగించి తీరాలనుకునేవారు మామూలు పాటలు, మామూలు వాల్యూమ్‌లో మోగించుకోవచ్చు, నష్టం లేదు. హోరులా వినిపించే పింక్ నాయిస్ లేదా సైన్ టోన్ గట్టిగా పెట్టి వదిలేస్తే మాత్రం వెంట్రుకలాంటి తీగతో చుట్టిన వాయిస్ కాయిల్ వేడెక్కుతుంది, జిగురు మెత్తబడుతుంది, కాయిల్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు. ఆ మోతను చెవులకు పెట్టుకుని కూర్చోవడం ఇంకా ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది.

తయారీదారులకూ అమ్మకందారులకూ ఒక విన్నపం. 150 గంటలు మోగితే గాని తమ సరుకు సరిగా పలకదని నమ్మేవారు ఆ గంటలు ఫ్యాక్టరీలోనే పూర్తిచేసి పంపాలి, లేదా వాపసు గడువును ఆ గంటలు నిండాకే మొదలుపెట్టాలి. ఈ రెండింట్లో ఏదీ చేయని కంపెనీ బర్న్-ఇన్ సలహా ఇస్తే మీ పత్రిక దాన్ని యథాతథంగా అచ్చువేయకుండా, గడువు ఎన్నిరోజులో కూడా పక్కనే వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
హెడ్‌ఫోన్ల మరమ్మతు వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు