రేపటి లిఫ్టింగ్ పని గురించి

అందరికీ నమస్కారం. రేపు పొద్దున ఎర్రగుంట్ల రోడ్డు యార్డులో కల్వర్టు బాక్సులు (రోడ్డు కింద నీళ్లు పోయేందుకు పెట్టే కాంక్రీటు పెట్టెలు) క్రేన్‌తో లేపుతున్నాం. రిగ్గర్ అన్నలు (బరువును క్రేన్‌కు తగిలించేవాళ్లు), క్రేన్ ఆపరేటర్లు పూర్తిగా చదవండి.

బాక్సును లేపేది లూప్‌తో, అంటే ఒక చివర మర ఉన్న ఉక్కు తీగ ఉంగరంతో. ఆ లూప్ మర, బాక్సు కాంక్రీటులో బిగించిన సాకెట్‌లోకి చేత్తోనే, చివరిదాకా దిగాలి. మధ్యలో పట్టేస్తే రెంచి పెట్టి తిప్పొద్దు. లోపల సిమెంటు పాలు గడ్డకట్టి ఉంటాయి, లేదా మర వంకరగా ఎక్కి ఉంటుంది. బయటికి తీసి, సాకెట్ శుభ్రం చేసి మళ్లీ ఎక్కించండి. రెండు మూడు చుట్లు పట్టినా చేతికి గట్టిగానే అనిపిస్తుంది. నాకు భయమంతా అక్కడే. బరువంతా ఆ కాస్త మర మీదే పడి ఒక్కసారిగా ఊడొస్తుంది. గుండ్రటి మర (పళ్లు గుండ్రంగా ఉండేది), మెట్రిక్ మర (మామూలు బోల్టుల్లో ఉండేది) చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, కలిపి వాడొద్దు. సాకెట్ మూతలు సరిగ్గా లేపబోయే ముందు మాత్రమే తీయండి, ముందుగా తీస్తే మన ఎండాకాలపు గాలికి దుమ్ము ఊరికే చేరుతుంది.

తీగ తెగినా, మెలిక పడినా, తుప్పు తిన్నా, మర పళ్లు అరిగినా, ట్యాగ్ ఊడిపోయినా ఆ లూప్ వద్దు. పక్కన పడేస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు తీసుకుంటారు, అక్కడికక్కడే కోసేయండి.

ఇంకోటి, స్లింగ్ (క్రేన్ హుక్ నుంచి లూప్‌లకు తగిలించే తాడు) కోణం. 4 టన్నుల బాక్సును స్లింగ్ రెండు కాళ్లతో లేపితే, ఆ కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలున్నప్పుడు ఒక్కో కాలి మీద పడేది సుమారు 2.3 టన్నులు. 120 డిగ్రీలైతే ఒక్కో కాలికీ 4 టన్నులు! స్లింగ్ పొడవుంటే కోణం తగ్గుతుంది, అందుకే పొడవు స్లింగులే తెప్పించండి.

క్యూబ్ టెస్ట్ (కాంక్రీటు బలం చూసే పరీక్ష) రిపోర్టు గ్రూపులో పెట్టేదాకా హుక్ తగిలించొద్దు. లేపేటప్పుడు బాక్సు కింద ఎవరూ ఉండొద్దన్నా, దయచేసి.